కానుగ నూనె మాన్పిన పుండు

కోయిలకుంట్లకు కూతవేటు దూరంలో, కుందూ ఒడ్డున ఉన్న ఆ పల్లెలో ఆదెన్న తోలిన మడక సాలు చూసి మిగతావాళ్ళు తమ సాళ్ళు సరిచేసుకునేవాళ్ళు. నల్లరేగడిలో నాగలితో గీత గీసినట్టు తోలేవాడు. అలాంటి మనిషి ఒక ఎండాకాలం మధ్యాహ్నం చేను నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. వాకిలి నుంచి పీట దాకా నేల మీద రక్తపు అడుగులు పడి ఉన్నాయి. భార్య మద్దమ్మ గాబరాపడి కాలు ఎత్తి చూస్తే, మడమలో తుమ్మముల్లు సగానికి విరిగి ఉంది. ఆదెన్నకు ఆ సంగతే తెలియదు. నొప్పేం లేదని నవ్వాడు.

ముల్లు తీశారు గానీ పుండు మానలేదు. పసరు కట్టారు, పసుపు కట్టారు, అది లోపలికే దిగింది. వీపు మీద ఎప్పటి నుంచో ఉన్న ఎర్రని మచ్చల్ని చెమట దద్దులనుకున్నారు ఇంతకాలం. కోయిలకుంట్లలో డాక్టరు చొక్కా విప్పించి చూసి, పెద్దరోగమని, అంటే కుష్ఠు అని చెప్పాడు. ఆ మాట వాళ్ళకంటే ముందే ఊరు చేరింది. ఇంటికి వచ్చిపోయేవాళ్ళు వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్ళడం మొదలుపెట్టారు. కలుపుకు పిలిస్తే కూలివాళ్ళకు ఏదో ఒక పని అడ్డం వచ్చేది. ఆదెన్న తల్లి తిమ్మమ్మ మాత్రం కొడుకు తిన్న కంచం వేరే పెట్టలేదు. కడుపున పుట్టినవాణ్ణి దూరం పెట్టే చట్టం తనకు తెలియదంది.

కడపకు ఆవల, ఊరికి దూరంగా ఈ రోగానికని కట్టిన ఆసుపత్రి ఒకటి ఉందని తెలిసింది. బస్సులో ఎక్కనివ్వరు కాబట్టి ఎద్దుల బండి కట్టుకుని వెళ్ళారు. అప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్న కూతురు గిడ్డమ్మను తిమ్మమ్మ దగ్గర వదిలి, మద్దమ్మ మొగుడి వెంట బయలుదేరింది. అతణ్ణి అక్కడ చేర్చి ఒంటరిగా వెనక్కి వస్తుంటే, ఎద్దుల్ని అదిలించకుండా వాటి నడకకే వదిలేసింది.

అప్పటి నుంచి చేనూ ఇల్లూ ఆమె మీదే పడ్డాయి. పని తెరపిచ్చినప్పుడల్లా బస్సు ఎక్కి కడపకు వెళ్ళి, ఆసుపత్రి ప్రహరీ పక్కన సత్రంలో దిగి మొగుణ్ణి చూసి వచ్చేది. అక్కడ పడమటి కొండల నుంచి తెప్పించిన అడవిబాదం నూనెను సూదులతో ఎక్కించేవాళ్ళు. పొడిచిన చోటల్లా గడ్డ కట్టి, ఆదెన్న పక్కకు తిరిగి పడుకోలేకపోయేవాడు. కాలి పుండు మటుకు అట్లాగే చీము కారుతూ ఉండేది.

ఆసుపత్రి ల్యాబులో లేవి అనే అతను పనిచేసేవాడు. కమలాపురం దిక్కు మనిషి. మద్రాసులో రసాయన శాస్త్రం చదివి, పెద్ద ఉద్యోగాలకు పోకుండా, చిన్నప్పుడు మేనమామను ఈ రోగం తినేయడం చూసినవాడు గనుక ఈ ఆసుపత్రికే వచ్చి చేరాడు. అతనికి ఒక ఆలోచన పట్టుకుంది. ఎక్కడో కొండల్లో పుట్టే చెట్టు గింజలో మందు ఉన్నప్పుడు, ఈ సీమలో ప్రతి గట్టు మీదా ఉండే కానుగ గింజలో ఏముందో ఎవరైనా చూశారా? గేదెలకు గజ్జి పడితే రాసేది ఆ నూనే. పిల్లలకు చిడుము లేస్తే పూసేది ఆ నూనే. ఊళ్ళ నుంచి రోగుల కోసం వచ్చేవాళ్ళను గింజలు తెచ్చిపెట్టమని అడిగేవాడు. మద్దమ్మ తమ చేని గట్టు మీది చెట్ల కింద ఎండిన కాయలు ఏరి, కర్రతో కొట్టి, పొట్టు చెరిగి, సంచీ నిండా గింజలు తీసుకుపోయింది.

అడిగింది తెచ్చిన మనిషి గనుక లేవి ఆమెను ల్యాబులోకి పిలిచి, ఆ గింజల్ని ఏం చేశాడో చూపించాడు. దంచిన పిండిని స్పిరిట్ లాంటి ద్రవంలో నానబెట్టి నూనె దిగేట్టు చేశాడు. గోధుమరంగు నూనె, వాసనకే నోరు చేదెక్కేది. దాన్ని చల్లని చోట కదపకుండా ఉంచితే అడుగున సన్నని సూదుల్లాంటి పలుకులు కట్టాయి. చేదంతా, గుణమంతా చాలా మటుకు ఆ పలుకుల్లోనే ఉందని అతను నమ్మాడు. మద్దమ్మ గాజుసీసాను వెలుతురుకు పట్టి చూసింది. తమ గట్టు మీది చెట్టు కడుపులో ఇంత చక్కని వస్తువు ఉందా అనిపించింది.

ఆ తర్వాత అతను మూతలున్న గాజు పళ్ళేలు తీశాడు. సముద్రపు నాచుతో కాచిన జిగురు అందులో గడ్డకట్టి ఉంది. పుండు చీములోని పురుగుల్ని దాని మీద పూస్తే మర్నాటికి రాగిగింజలంత పసుపు చుక్కలుగా పెరుగుతాయని చెప్పాడు. ఒక పళ్ళెం నిండా ఆ చుక్కలే ఉన్నాయి. రెండో దాంట్లో మధ్యన కానుగ పలుకుల సారంలో తడిపిన కాగితపు బిళ్ళ పెట్టి ఉంది. దాని చుట్టూ చేతిగాజంత మేర ఒక్క చుక్క కూడా లేదు. తేటగా, కడిగినట్టుగా ఉంది.

మద్దమ్మ ఆ తేటనే చూస్తూ ఉండిపోయింది. ఇది మా ఆయన చీమేనా అని అడిగింది. అవునన్నాడు లేవి.

"అయితే చస్తాండాయి కదా సారూ, పురుగులు?"

"చీము పురుగులు చస్తాండాయమ్మా. పెద్దరోగం పురుగు వేరే. దాన్ని కనిపెట్టి శానా ఏండ్లాయ గానీ, ఇంతవరకూ ఏ పళ్ళెంలోనూ ఎవరూ మొలిపించలేకపోయినారు. మొలవనిదాన్ని చస్తాదో లేదో నేనెట్ల చూసేది? పుండుకు ఇది పనిచేస్తాది. రోగానికి చేస్తాదని మాత్రం నేను చెప్పను."

ఆమె ఆ మాటలన్నీ విన్నది. తల కూడా ఊపింది. కానీ సత్రానికి నడిచిపోతుంటే మనసులో నిలిచింది ఆ తేట ఒక్కటే.

డాక్టరు ఒప్పుకున్నాక లేవి ఆ నూనెతో కట్లు మొదలుపెట్టాడు. కాలు కదలకుండా పడుకోబెట్టి, రోజూ కడిగి, నూనెలో తడిపిన గుడ్డ కట్టేవాళ్ళు. మొదట చీము వాసన పోయింది. తర్వాత అంచుల్లో ఎర్రని కొత్త కండ కనబడింది. పంట ఇంటికొచ్చి మద్దమ్మ మళ్ళీ వెళ్ళేసరికి పుండు పూర్తిగా మానింది. ఆదెన్న కాలు ముందుకు చాపి పసిపిల్లవాడిలా చూపించాడు. ఆమె ఆ మడమను రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆసుపత్రికి కొత్త మాత్రలు వచ్చాయి. సూదుల పని లేదు, మింగితే చాలు, రోగాన్ని వేళ్ళతో పీకేస్తాయని డాక్టరు సంబరపడ్డాడు. అవి ఆదెన్నకు పడలేదు. జ్వరం వచ్చేది, ఒంటి మీద కణుతులు లేచి మండేవి, నరాలు తాళ్ళలా బిగుసుకుపోయేవి. రోగం లొంగే ముందు కొందరికి అట్లా తిరగబడుతుంది, ఓర్చుకుంటే తగ్గుతుందని డాక్టరు ఎంతో చెప్పాడు. ఆదెన్నకు అది తలకెక్కలేదు. ఒకవైపు తనను కాల్చేస్తున్న మాత్రలు. ఇంకోవైపు తన చేని గట్టు నుంచే వచ్చి, చల్లగా పుండు మాన్పిన నూనె.

"ఇంగ ఈడ నాకేం పని మే? ఆ నూనె మన ఇంట్లోనే ఉండాది. బిడ్డ నన్ను మర్చిపోతాండాది. నన్ను ఇంటికి తోలకపో," అన్నాడు.

వద్దని మద్దమ్మ అనలేదు. ఒంటరిగా కాపురం ఈది ఈది ఆమె అలిసిపోయి ఉంది. పుండు మానిన కాలు కళ్ళెదుట కనబడుతూ ఉంది. మాత్రలు కట్టి ఇస్తే తీసుకున్నారు. బండి దాకా లేవి కూడా వచ్చి, నూనె పుండుకేననీ, మాత్రలు ఆపొద్దనీ మళ్ళీ చెప్పాడు. ఆదెన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మాత్రల పొట్లం ఇంటి చూరులో దోపినది దోపినట్టే ఉండిపోయింది.

ఆ తర్వాతి ఏడాది మద్దమ్మ బతుకులో మళ్ళీ రాని ఏడాది. కర్నూలు రాజధాని అయిందని ఊరంతా చెప్పుకుంటున్న కాలం. ఆదెన్న చెప్పులు లేకుండా గడప దాటకుండా జాగ్రత్తపడుతూ మడక పట్టాడు. మానిన పుండును ఊరు కూడా చూసింది. వాకిట్లో నిలబడేవాళ్ళు మెల్లగా అరుగెక్కారు. రోగం పోయిందట, కానుగ నూనెతో పోయిందట అని మాట పాకింది. గాయాలు చీము పట్టినవాళ్ళూ, పిల్లలకు గజ్జి లేచినవాళ్ళూ గిన్నెలు పట్టుకుని, మద్దమ్మ గట్టు మీది గింజలు గానుగాడించి తెచ్చిన నూనె కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళకు నిజంగానే తగ్గేది. తగ్గిన ప్రతిసారీ మద్దమ్మ నమ్మకం ఇంకొంచెం గట్టిపడేది.

గిడ్డమ్మకు నాన్న కొత్తగా దొరికాడు. మొదటి రోజుల్లో నాయనమ్మ చాటున దాక్కున్న పిల్ల, తర్వాత అతని పక్క దిగలేదు. అతని కంచంలోనే తినేది, అతని భుజం మీద తల పెట్టుకునే నిద్రపోయేది. ఆదెన్న ఆమె జుట్టు దువ్వి, వంకరటింకరగా జడలు అల్లేవాడు. సాలు తోలినంత తిన్నగా జడ తోలడం రావడం లేదని తిమ్మమ్మ నవ్వేది.

రోగం మళ్ళీ తలెత్తినప్పుడు పుండుగా రాలేదు. ముందు కనుబొమలు పలచబడ్డాయి. చెవి తమ్మెలు మందంగా, మెరుస్తూ తయారయ్యాయి. ముక్కు దిబ్బడ వదిలేది కాదు. గొంతు బొంగురుపోయింది. వయసు, ఎండ, జలుబు అని ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు. మద్దమ్మ ఒళ్ళంతా నూనె పట్టించేది. అతని చర్మం నున్నగా ఉండేది, ఒక్క పొక్కు కూడా లేచేది కాదు. లోపల జరిగేది లోపల జరుగుతూ పోయింది. ఆమెకు తెలియదని కాదు. తెలిసిన సంగతిని పైకి తీసుకురావడానికి ధైర్యం చాలలేదు, అంతే.

ఒక ఉదయం గిడ్డమ్మకు తలంటుతోంది. చెంబు వేడినీళ్ళు వీపున పోస్తే పిల్ల కాలిందని గెంతింది. వీపు తుడుస్తూ చూస్తే కుడి భుజం వెనక కాసంత తెల్లమచ్చ. అక్కడ చర్మం పొడిగా, వెలిసిన గుడ్డలా ఉంది. మద్దమ్మ చేతిలో చెంబు కింద పెట్టి, పక్కనున్న చీపురు నుంచి ఒక పుల్ల విరిచింది. ఆట అని చెప్పి పిల్లను కళ్ళు మూసుకోమంది. గుచ్చిన చోటల్లా చెప్పమంది. మెడ మీద గుచ్చితే ఈడ అంది పిల్ల. నడుము మీద గుచ్చితే ఈడ అని నవ్వింది. మచ్చ మీద గుచ్చితే పలకలేదు. ఇంకొంచెం గట్టిగా గుచ్చింది. పుల్ల మొన విరిగింది.

"ఇంగా గుచ్చలేదేంటికి మా?" అని అడిగింది గిడ్డమ్మ, కళ్ళు మూసుకునే.

మద్దమ్మ తడి బిడ్డను అట్లాగే గుండెకు అదుముకుంది. పిల్ల ఆట ఆపొద్దని గొడవ చేసింది.

ఆదెన్న చేను నుంచి వచ్చాక చెప్పింది. అతను మచ్చను చూడలేదు. చూపిస్తానంటే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. తను పడుకునే చాప తీసుకుపోయి పశువుల కొట్టంలో వేసుకున్నాడు. గిడ్డమ్మ వెంటపడితే కసిరి పంపాడు. ఎన్నడూ కసరని నాన్న కసిరితే పిల్ల బిక్కచచ్చిపోయింది. తెల్లారగానే ముగ్గురూ కడపకు బండి కట్టారు. దారి పొడుగునా అతను బండి వెనక దూరంగా నడిచే వచ్చాడు. ఎక్కమని మద్దమ్మ ఎంత బతిమాలినా ఎక్కలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పిల్లను చూసి, మొదట్లోనే పట్టుకున్నారనీ, మాత్రలతో పూర్తిగా పోతుందనీ ధైర్యం చెప్పాడు. ఆదెన్న చెవి తమ్మె నుంచి తీసిన రసాన్ని లేవి గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూశాడు. అగ్గిపుల్లల కట్టలు కుమ్మరించినట్టు ఉన్నాయట ఎర్రని పురుగులు.

మద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ రాలేదు.

"ఆ పొద్దు నాకు ఆ పళ్ళెం సూపించకుండా ఉండింటే బాగుండు సారూ," అంది.

లేవి కళ్ళు తుడుచుకున్నాడు. తాను ముందే చెప్పానని అనలేదు. చెప్పిన మాటకంటే చూపించిన తేట బలమైనదని అతనికి అప్పుడే అర్థమైనట్టుంది. కాసేపటికి, ఆమె మొగుడి కాలి పుండు మానడం చూసి తన మేనమామ కూడా గుర్తొచ్చి, ఆ రోజు తాను కూడా ఆశపడ్డానని మెల్లగా ఒప్పుకున్నాడు.

ఈసారి ఆదెన్న ఒక్క మాత్ర కూడా మానలేదు. జ్వరాలు మళ్ళీ తిరగబడ్డాయి. ఒళ్ళు కాలిపోతుంటే పళ్ళు బిగబట్టి మింగేవాడు. ఆ జ్వరాల్లోనే కళ్ళు ఎర్రబడి, నొప్పెట్టి, చూపు మసకబారి, చివరికి పూర్తిగా పోయింది. పిల్లల వార్డు గోడకు అవతలే ఉండేది. మందు మింగుతున్న పిల్లకు తండ్రిని చూడటానికి అడ్డేమీ లేదని డాక్టరు చెప్పినా ఆదెన్న ఒప్పుకోలేదు. గోడ వారన కూర్చుని, అక్కడి పిల్లలంతా కలిసి పాఠాలు వల్లిస్తుంటే వినేవాడు. అంతమంది గొంతుల్లో తన కూతురి గొంతు ఏదో చెప్పగలిగేవాడు.

మద్దమ్మ ఊరికి పోలేదు. చేను కౌలుకిచ్చి, సత్రంలోనే ఉంటూ, ఆసుపత్రి వంటశాలలో పనికి కుదిరింది. గిడ్డమ్మ మచ్చ మెల్లగా రంగు తిరిగింది. ఒకనాడు డాక్టరు గుండుసూది ఆనిస్తే అబ్బా అని అరిచి వెనక్కి తిరిగి కోపంగా చూసింది. ఆ కబురు చెప్పడానికి మద్దమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళింది. అప్పటికే ఆదెన్నకు మూత్రపిండాలు చెడి ఒళ్ళంతా నీరు పట్టి ఉంది. మంచం మీద నుంచి లేవలేకపోతున్నాడు.

"అరిచిందా?" అని రెండు మూడు మార్లు అడిగాడు. "బాగా నొప్పి పుట్టిందా?" పుట్టిందని ఆమె చెబితే, ఉబ్బిన మొహంలోనే నవ్వాడు. ఆ తర్వాత అడిగాడు, పాపను కిటికీ అవతలికి పిల్చకరమ్మని. లోపలికి మటుకు వద్దన్నాడు.

గిడ్డమ్మ వచ్చి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. లోపల మనిషిని చూసి గుర్తుపట్టలేదు. తల్లి వైపు తిరిగి చూస్తే, మద్దమ్మ తల ఊపింది.

"ఏమన్నా మాట్లాడు మా. నేను ఇంటా," అన్నాడు ఆదెన్న.

ఏం మాట్లాడాలో పిల్లకు తోచలేదు. చివరికి తనకు బాగా వచ్చినది ఎక్కాలే కాబట్టి అవి మొదలుపెట్టింది. రెండో ఎక్కం, మూడో ఎక్కం గడగడా చెప్పింది. ఏడో ఎక్కంలో తడబడి, మొదటి నుంచి మళ్ళీ అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఆదెన్న గొంతులో గురగురమని నవ్వు వినిపించింది. చెయ్యి కిటికీ వైపు లేచి, మధ్యలోనే ఆగి, దుప్పటి మీద పడింది.

"శానా బాగా చెప్తాండావు. ఇంగ పో, పాఠానికి పొద్దుపోతాది," అన్నాడు.

ఆ వారం గడవకుండానే పోయాడు. ఆసుపత్రి వెనక మిట్ట మీద, లేవీ, ఇద్దరు రోగులూ కలిసి పూడ్చారు. మద్దమ్మ పిడికెడు మన్ను వేసింది. మిట్ట మీది ఎర్రమన్ను. వాళ్ళ చేని నల్లమన్ను కాదు. ఊరికి ఎవరితో కబురు చేయాలో ఆమెకు తెలియలేదు. చేసినా, ఆ మాట ముసలి అత్త ఎవరి నోటి నుంచో వినడం మద్దమ్మకు ఇష్టంలేకపోయింది.

పిల్లకు పూర్తిగా నయమైందని, ఇంటికి పోవచ్చని చెప్పిన రోజు ఇద్దరూ బస్సు ఎక్కారు. ఎక్కడా ఎవరూ దిగమనలేదు. గిడ్డమ్మ కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టి గెలిచింది. దారంతా కనబడిన ప్రతిదాని పేరూ అడుగుతూనే ఉంది. మద్దమ్మ అన్నింటికీ జవాబు చెప్పింది. కోయిలకుంట్లలో దిగి, ఊరికి పోతున్న జొన్న బండి ఒకటి దొరికితే అందులో కూర్చున్నారు.

బండి వీధిలోకి తిరిగేసరికి తిమ్మమ్మ అరుగు మీద ఉంది. చూపు ఆనక, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. గిడ్డమ్మ దూకి, నాయనమ్మ కాళ్ళను చుట్టేసింది. మద్దమ్మ మూటతో దిగింది. ముసలామె మనవరాలి తల నిమురుతూ, కోడలి మొహం వైపు చూడకుండా, బండి దగ్గరికి నడిచింది. జొన్న బస్తాల మధ్యకు వంగి, మెల్లగా, కొడుక్కి చెయ్యి అందిస్తున్నట్టు చెయ్యి చాపింది.

"దిగు నాయనా," అంది.